నాడి అందని ప్రమాద బాధితుడు: సీపీఆర్ ఎప్పుడు ఆపకూడదు?

కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు ఈఎమ్‌టీ శిక్షణలో, అంటే అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్ శిక్షణలో ఉన్నారు. 65వ నంబరు హైవే మీద ఒక బైక్ ప్రమాదానికి వెళ్లారు. కుర్రాడికి ఊపిరి లేదు, మెడ దగ్గర నాడి అందలేదు. మీరు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ ఊపిరి ఇవ్వడం, మొదలుపెట్టబోతే మీ సీనియర్ "దెబ్బ తగిలి గుండె ఆగిందంటే అయిపోయినట్టే, ఆ కాలు విరిగినాయన్ని చూడు" అన్నారు. అది నిజమేనా, ట్రామా, అంటే దెబ్బలు తగిలిన కేసుల్లో సీపీఆర్ ఆపకూడని సందర్భాలు ఉన్నాయా అని మీరు అడిగారు.

ఉన్నాయి. 22 ఏళ్లుగా ఎమర్జెన్సీ విభాగంలోనే ఉన్నాను. మధ్యలో కొంతకాలం అంబులెన్సు కాల్ సెంటర్లో ఫోన్ మీద సలహా ఇచ్చే డాక్టరుగా కూడా చేశాను. ఆ అనుభవంతో ఒక్క మాట చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే. పేషెంటు ఒంటి మీద కనిపిస్తున్న దెబ్బకీ, అతను ఉన్న స్థితికీ లెక్క కుదరాలి. ఇంత దెబ్బ తగిలింది కాబట్టి ఇలా అయ్యాడు అని మీకు మీరు చెప్పుకోగలగాలి. లెక్క కుదరడం లేదంటే మీకు కనపడని కారణం ఇంకేదో ఉంది. అది సరిచేయగలిగేది అయ్యుండొచ్చు. అది తేలేదాకా ఆపకండి.

మీ సీనియర్‌ని తప్పుపట్టను. ఒక తరం మొత్తం అలాగే నేర్చుకుంది. 2003లో అమెరికాలో అంబులెన్సు సేవల (ఈఎంఎస్) డాక్టర్ల సంఘం, సర్జన్ల కాలేజీకి చెందిన ట్రామా కమిటీ కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. వాహనం గుద్దడం, పైనుంచి పడటం లాంటి దెబ్బల్లో, అంబులెన్సు వచ్చేసరికి ఊపిరి, నాడి లేక మోనిటర్ మీద సరైన గుండె లయ కూడా లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టక్కర్లేదని అందులో ఉంది. కత్తిపోట్లకి, బుల్లెట్ గాయాలకి ఇంకొంచెం వెసులుబాటు ఇచ్చారు. కంటిపాప వెలుతురుకి స్పందించినా, కాలో చెయ్యో తనంతట తాను కదిలినా, మోనిటర్ మీద లయ కనిపించినా వెంటనే తీసుకెళ్లమన్నారు. ప్రమాదం తీరు చూస్తే గుండె ఆగేంతటిది కాదనిపిస్తే మామూలు కార్డియాక్ అరెస్టు (దెబ్బ లేకుండా గుండె ఆగడం) లాగే పూర్తి ప్రయత్నం చేయమని కూడా అదే పత్రంలో ఉంది. మొదటి వాక్యం మాత్రం అందరి నోటా ఉండిపోయింది, ఈ వాక్యం ఎవరికీ గుర్తులేదు.

2006లో లండన్ హెలికాప్టర్ అంబులెన్సు డాక్టర్లు తమ రికార్డులు బయటపెట్టారు. దెబ్బలు తగిలి గుండె ఆగిన 909 మందికి వాళ్లు ప్రయత్నించారు. 68 మంది ఆసుపత్రి నుంచి ప్రాణాలతో ఇంటికెళ్లారు, అంటే నూటికి ఏడున్నర మంది. ఆ 68 మందిలో 13 మంది, మార్గదర్శకాలని అక్షరాలా పాటించి ఉంటే వదిలేయాల్సినవాళ్లు. అంకె చిన్నదే అనిపించొచ్చు. కానీ ఆ 13 మందీ ఈ రోజు ఎవరో ఒకరి ఇంట్లో అన్నం తింటున్నారని అనుకుని మళ్లీ చదవండి.

నాకు అంకె కన్నా ముఖ్యమైంది ఆ 68 మంది ఎవరన్నది. 30 మంది ఊపిరాడక గుండె ఆగినవాళ్లు. 11 మందికి అసలు ముందే గుండె ఆగింది, ఆ తర్వాతే ప్రమాదం జరిగింది. ఆరుగురు ఛాతీలో చిక్కుకున్న గాలిని బయటికి వదిలితే తేరుకున్నారు. ఎనిమిది మందికి ఛాతీలో కత్తిపోట్లలాంటి గాయాలైతే ప్రమాదస్థలంలోనే ఛాతీ తెరిచారు. రక్తమంతా పోయి గుండె ఆగినవాళ్లలో బతికింది ఒక్కరే. అది డాక్టరు కూడా వెంట వెళ్లే సర్వీసు, మన అంబులెన్సులతో నేరుగా పోల్చలేం. అయినా ఎక్కడ వెతకాలో ఈ లెక్క చెప్తోంది. ఇప్పుడు యూరప్ మార్గదర్శకాల్లో ట్రామా అరెస్టుకి హెచ్, ఓ, టీ, టీ అని నాలుగు అక్షరాలు నేర్పిస్తారు. రక్తం పోవడం, ఆక్సిజన్ అందకపోవడం, ఛాతీలో గాలి ఒత్తిడి, గుండె చుట్టూ రక్తం చేరడం. ఛాతీ నొక్కడం కన్నా ఈ నాలుగూ సరిచేయడమే ముందు అంటారు.

ఊపిరాడకపోవడం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఒక ఈఎమ్‌టీ చేతుల్తోనే మార్చగలిగేది ఇదే.

నేను కాల్ సెంటర్లో ఉన్నప్పటి మాట. కోతల రోజులు. కాలవ గట్టు మీద ధాన్యం బస్తాలతో వస్తున్న ట్రాక్టర్ ట్రక్కు పక్కకి ఒరిగిపోయింది. దాని కింద పడ్డ మనిషిని ఊళ్లోవాళ్లు లాగి గట్టు మీద పడుకోబెట్టారు. ఈఎమ్‌టీ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, పల్స్ లేదు సార్. మొహమంతా నల్లబడిపోయింది. అందరూ పోయాడంటున్నారు." "ఒంటి మీద దెబ్బలేమున్నాయమ్మా?" అన్నాను. ఒక్క క్షణం ఆగింది. "ఏం లేవు సార్, భుజం గీరుకుపోయింది, అంతే." "అయితే నోరు చూడు." వెనకాల ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. "బురద సార్. గడ్డి కూడా ఉంది." కంటికి కనిపించే గడ్డిని వేళ్లతో తీసేసి, మిగతాది పీల్చేసే సక్షన్ గొట్టం పెట్టి, మెడ కదలకుండా దవడ ముందుకి తెచ్చి, ఆక్సిజన్‌తో అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి గాలి ఇచ్చే సంచి, పట్టమన్నాను. పైలట్, అంటే అంబులెన్సు డ్రైవరు, ఛాతీ నొక్కుతున్నాడు. రెండు మూడు నిమిషాలు ఫోన్లో సంచి నొక్కుతున్న చప్పుడే. ఆ తర్వాత ఆ అమ్మాయి అరిచింది, "కొట్టుకుంటోంది సార్!" తొమ్మిదో రోజు అతను నడిచి ఇంటికెళ్లాడు.

అక్కడ లెక్క కుదరలేదు. భుజం గీరుకుపోతే గుండె ఆగదు. ట్రక్కు బరువు ఛాతీ మీద పడింది, మొహం బురదలో కూరుకుపోయింది, ఊపిరి లేక గుండె ఆగింది. గోడ కూలి మట్టి కింద ఉండిపోయినవాళ్లు, బావి తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగి పడ్డవాళ్లు, స్టీరింగ్ వెనక గడ్డం ఛాతీకి ఆనుకుని ఇరుక్కుపోయినవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. డెల్టాలో కారు కాలవలో పడ్డప్పుడు కూడా, పేరుకి అది రోడ్డు ప్రమాదమే, పేషెంటు మాత్రం నీట మునిగినవాడు. ముందు ఐదు శ్వాసలు ఇచ్చి మొదలుపెట్టాలి.

తలకి దెబ్బ తగిలినవాళ్ల విషయంలో ఇంకో సంగతి ఉంది, మీ బైక్ కుర్రాడిది అదే అయ్యుండొచ్చు. తల గట్టిగా తగిలిన ఆ క్షణంలో మెదడులోని శ్వాస కేంద్రం మూగబోయి, కాసేపు ఊపిరి తీసుకోవడం ఆగిపోతుంది. మెదడు దెబ్బ మరీ పెద్దది కాకపోయినా ఇలా జరగొచ్చు. ఆ కాసేపూ ఎవరైనా దారి తెరిచి గాలి ఇస్తే మనిషి నిలబడతాడు, ఎవరూ ముట్టుకోకపోతే ఆక్సిజన్ లేక గుండె కూడా ఆగుతుంది. మనం వెళ్లేసరికి "తలకి దెబ్బ, చనిపోయాడు" అని తేల్చేస్తారు. చుట్టూ చేరినవాళ్లు భయపడి ముట్టుకోకపోవడం వల్ల ఎంతమందిని పోగొట్టుకున్నామో అని బాధ వేస్తుంది. సాయం చేసినవాళ్లని పోలీసులు, ఆసుపత్రులు ఇబ్బంది పెట్టకూడదని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షనుగా అది చేరింది కూడా. వెళ్లిన ప్రతి ఊళ్లో ఈ మాట చెప్పండి.

ఇక ఛాతీలో గాలి. ఇది నా తప్పు, దాచుకోను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రి క్యాజువాల్టీలో నైట్ డ్యూటీలో ఉన్నాను. బైక్ మీద నుంచి పడ్డ కుర్రాడిని సీపీఆర్ చేస్తూ తెచ్చారు. హెల్మెట్ ఉంది, తల బాగానే ఉంది, పొట్ట మెత్తగా ఉంది. మెడ ఎడమ పక్క ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే మరమరాల సంచి నొక్కినట్టు కరకరలాడింది. ఆ శబ్దం ఇప్పటికీ నా వేలికి గుర్తుంది. మోనిటర్ మీద నెమ్మదిగా ఒక లయ నడుస్తూనే ఉంది. ఉబ్బు ఎందుకొచ్చిందని నన్ను నేను అడగలేదు. పది నిమిషాలు చూసి ఆపేశాను. మర్నాడు పోస్టుమార్టం చేసిన డాక్టరుగారు ఫోన్ చేసి, తలలో ఏమీ లేదు, పొట్టలో ఏమీ లేదు, ఎడమ ఊపిరితిత్తి మాత్రం పూర్తిగా నలిగి మూలకి చేరిందన్నారు. ఛాతీలో చిక్కిన గాలిని బయటికి వదిలే లావు సూదులు, 14 గేజ్ కాన్యులాలు, నా పక్కనున్న ట్రేలోనే ఉన్నాయి.

ఊపిరితిత్తికి చిల్లు పడి బయటికొచ్చిన గాలి ఛాతీలోనే ఇరుక్కుంటుంది. ప్రతి శ్వాసకీ పెరుగుతుంది, గుండెకి తిరిగొచ్చే రక్తాన్ని అడ్డుకుంటుంది. అంబు బ్యాగ్ నొక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది, అందుకే సంచి నొక్కడం కష్టంగా ఉంటే అనుమానించాలి. ఒక పక్క ఛాతీ లేవకపోవడం, చర్మం కింద కరకర, పక్కటెముకలు విరిగినట్టు తెలియడం గమనించండి. మెడ నరాలు ఉబ్బలేదని మాత్రం దీన్ని కొట్టిపారేయకండి, రక్తం కూడా పోయినవాడికి అవి ఉబ్బవు. గుండె ఆగిన ట్రామా పేషెంటుకి రెండు పక్కలా గాలి వదలకుండా ప్రయత్నం పూర్తయిందని అనుకోకూడదు. పెద్దవాళ్లకి సూది వేసే చోటు ఇప్పుడు మారింది. 2018లో వచ్చిన ఏటీఎల్ఎస్ (డాక్టర్ల ట్రామా శిక్షణ కోర్సు) పదో ఎడిషన్ ప్రకారం చంక మధ్య గీతకి కొంచెం ముందు, నాలుగు లేదా ఐదో పక్కటెముకల సందు. మామూలు ఐదు సెంటీమీటర్ల సూది సగానికి కొంచెం ఎక్కువమందిలోనే లోపలికి చేరుతుంది, ఎనిమిది సెంటీమీటర్లదైతే నూటికి తొంభై మందికి పైగా చేరుతుంది. ఇది మీ సర్వీసు మీకు నేర్పించి, అనుమతి ఇచ్చిన పని అయితేనే చేయండి. లేదంటే ఫోన్లో డాక్టరుకి "ఛాతీలో గాలి అనుమానం" అని మొదటి మాటగా చెప్పి, దగ్గర్లోని ఆసుపత్రికి పరిగెత్తండి.

కారు చెట్టుకి మెల్లగా తగిలి ఆగింది. బంపర్ సొట్టపోయింది, అద్దం కూడా పగల్లేదు. యాభై దాటిన డ్రైవరు సీట్లో వాలిపోయి ఉన్నాడు. దీన్ని ట్రామా అనకండి. షాక్ ఇచ్చే యంత్రం ప్యాడ్లు ఛాతీకి అంటించండి, షాక్ ఇవ్వాల్సిన లయ ఉంటే ఇవ్వండి. లండన్ లెక్కలోని ఆ 11 మంది ఇలాంటివాళ్లే. నిచ్చెన మీద నుంచి పడ్డవాళ్ల విషయంలో కూడా, పడ్డందుకు గుండె ఆగిందా, గుండె ఆగి పడ్డాడా అని చూసినవాళ్లని అడగండి. మోటారు దగ్గరో, పందుల కోసం పెట్టిన కరెంటు తీగ దగ్గరో పడిపోయినవాళ్లకి కూడా ఇంతే. ముందు కరెంటు ఆపించాక, మామూలు కార్డియాక్ అరెస్టు లాగే పూర్తి ప్రయత్నం చేయాలి.

పిడుగు సంగతి వేరు. ఎక్కువమంది దెబ్బతిన్న చోట నాడి లేనివాళ్లని పక్కనపెట్టి బతికున్నవాళ్లని చూడమని నేర్పిస్తారు, అది సరైందే. పిడుగు పడ్డ పొలంలో మాత్రం ఈ పద్ధతి తలకిందులు. మాట్లాడుతున్నవాళ్లు ఎలాగూ బతుకుతారు. పిడుగుకి గుండె ఒక్కసారి ఆగి తనంతట తాను మొదలవ్వొచ్చు, కానీ ఊపిరి ఇంకా కాసేపు రాదు, ఆ సందులో ఆక్సిజన్ లేక గుండె మళ్లీ ఆగుతుంది. అందుకే ముందు కదలకుండా పడివున్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. వేసవి చివర్లో పొలాల్లో, గొర్రెల మంద దగ్గర పిడుగులు పడి కూలీలు, కాపరులు పోతున్న వార్తలు ఏటా చదువుతున్నాం కాబట్టి ఇది మనవాళ్లకి బాగా పనికొచ్చే సంగతి.

ఛాతీలో కత్తిపోటు అయితే చెట్టు కింద కూర్చుని సీపీఆర్ చేస్తూ ఉండకండి. గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తం చేరితే ఛాతీ ఎంత నొక్కినా గుండె నిండదు. పని చేసేది సర్జన్ కత్తే. లండన్లోనే 15 ఏళ్లలో 71 మందికి రోడ్డు మీద ఛాతీ తెరిస్తే 13 మంది బతికారు. మన దగ్గర రోడ్డు మీద ఆ ఏర్పాటు లేదు కాబట్టి ఆపకపోవడం అంటే ఎక్కించుకుని బయల్దేరడమే, దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి సర్జన్ని సిద్ధంగా ఉంచమనడమే. కాలో చెయ్యో తెగి రక్తం పోతున్నవాడికి ముందు ఆ రక్తం ఆపండి, టోర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించండి. ఖాళీ గుండెని ఎంత నొక్కినా ఫలితం ఉండదు.

గర్భిణి విషయంలో ఆలోచనే వద్దు. కడుపు బొడ్డు ఎత్తుకి వచ్చిందంటే, అంటే దాదాపు ఐదో నెల దాటితే, గర్భాశయాన్ని చేత్తో ఎడమవైపుకి నెట్టి పట్టుకుని సీపీఆర్ చేస్తూ కదలండి. నాలుగైదు నిమిషాల్లో బిడ్డని తీయగలిగితే తల్లి గుండెకి కూడా అది ఊరట. పిల్లల విషయంలో 2014లో అమెరికాలో పిల్లల డాక్టర్లతో కలిసి ఇచ్చిన ప్రకటనలో, ఎప్పుడు ఎలా జరిగిందో స్పష్టంగా తెలియకపోతే ప్రయత్నం మొదలుపెట్టమనే ఉంది. చలి దేశాల్లో పనిచేస్తున్న మన పిల్లలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. 1999లో నార్వేలో అన్నా బోగెన్‌హోమ్ అనే డాక్టరు స్కీయింగ్ చేస్తూ మంచు కింద నీళ్లలో 80 నిమిషాలు చిక్కుకుపోయారు. ఒంటి వేడి 13.7 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. ట్రామ్‌సో ఆసుపత్రిలో బైపాస్ యంత్రంతో వెచ్చబరిస్తే బతికారు. మంచులో చల్లబడ్డ మనిషిని వెచ్చబరచకుండా పోయాడనకూడదు. మన కాలవ నీళ్లకి ఇది వర్తించదు, ఆ వెచ్చదనం మెదడుని కాపాడదు.

మొదలుపెట్టక్కర్లేనివి కొన్నే. తల వేరైపోయినా, ఒళ్లు రెండు ముక్కలైనా, పూర్తిగా కాలిపోయినా, శవం బిగుసుకుపోయినా, కిందివైపు రక్తం దిగి చర్మం మీద మచ్చలు కట్టినా ఇక చేసేదేమీ లేదు. దారి తెరిచి, గాలి ఇచ్చి, రెండు పక్కలా ఛాతీ చూసి, రక్తం ఆపి కూడా ఏ మార్పూ లేకపోతే ఆపే ఆలోచన రావచ్చు. మన దగ్గర మరణాన్ని ధ్రువీకరించాల్సింది డాక్టరు. మీ పని ఫోన్లో ఆ డాక్టరుకి సరైన చిత్రం ఇవ్వడం. "పల్స్ లేదు సార్" అని ఊరుకుంటే అవతల కూర్చున్న నాలాంటివాడికి ఏమీ తెలియదు. ఎలా జరిగింది, ఎంతసేపైంది, చివరిసారి కదలడమో మూలగడమో ఎవరు చూశారు, ఒంటి మీద ఏ దెబ్బ ఉంది, కంటిపాప ఎలా ఉంది, మోనిటర్ మీద ఏముంది, సంచి నొక్కితే ఛాతీ రెండు పక్కలా లేస్తోందా అని వరసగా చెప్పండి. మోనిటర్ మీద లయ ఉండి నాడి అందకపోతే గుండె నిజంగా ఆగిపోయిందనే తేల్చేయకండి. బీపీ బాగా పడిపోయి, మన వేళ్లకి అందనంత బలహీనంగా కొట్టుకుంటూ ఉండొచ్చు. ఆసుపత్రిలో స్కాన్ పెడితే కదులుతున్న గుండె కనిపించిన కేసులు నేను చాలా చూశాను. హైవే పక్కన లారీల హారన్ల మధ్య, చెమట పట్టిన వేళ్లతో మెడ మీద నాడి వెతకడం ఎంత కష్టమో మీకూ తెలుసు.

మీరు వెళ్లిన ఆ కుర్రాడి విషయానికొస్తే, అక్కడ ఇద్దరే పేషెంట్లు, మీరు ముగ్గురున్నారు. కాలు విరిగినాయన మాట్లాడుతున్నాడని మీరే రాశారు. ఒకరు ఆయన దగ్గర ఉండి, ఇద్దరు కుర్రాడి దారి తెరిచి గాలి ఇచ్చి చూడాల్సింది. మీ సీనియర్‌తో గొడవ పడకండి, తర్వాతి షిఫ్టులో టీ తాగుతూ లండన్ లెక్క చెప్పండి, వింటారు. ఈలోగా రేపు డ్యూటీ ఎక్కగానే బండిలో సక్షన్ పనిచేస్తుందో లేదో నీళ్లు పీల్చి చూడండి, అంబు బ్యాగ్‌కి పిల్లల మాస్కు ఉందో లేదో చూడండి, ట్రేలో ఉన్న 14 గేజ్ సూది పొడవు కొలవండి.